పాత కొట్టములోని లోహపు వస్తువులు



పాత యిల్లు పడగొట్టునప్పుడు ఇంటివారు దూలములను, ద్వారబంధములను, గడపలను లెక్క వేసికొందురు. పెరటిలోని కొట్టమును లెక్కవేయువారు లేరు. అందున్నదంతయు ‘పాత ఇనుము’ అను నొక్క పేరుతో త్రాసునకెక్కి, సాయంకాలమునకు బండి యెక్కి, కొలదిదినములలో కొలిమిలో కఱగిపోవును. ఆ యొక్క పేరు క్రింద ఎన్ని పేర్లు మఱుగుపడుచున్నవో, ఆ వస్తువులను పోకమునుపు గుర్తించుట యెట్లో నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఈ సంగతి పట్టణవాసులకంటె మీకు చెప్పుటయే న్యాయమని నా తలంపు. ఏలయన, ఈ వస్తువుల పేర్లు పుస్తకములలోకంటె మీ నోళ్ళలోనే యెక్కువగా మిగిలియున్నవి.

సికిందరాబాదు మన గ్రామములవలె తనంతట తాను పెరిగిన యూరు కాదు. 1798వ సంవత్సరపు ఒడంబడికచే ఇంగ్లీషువారి సేన నిజాము రాజ్యమున నిలిచినది. హుస్సేనుసాగరమునకు ఉత్తరముగా ఆ సేన విడిసిన చోటునకు 1806లో నిజాము సికందర్ జా పేర సికిందరాబాదను పేరు కలిగినది. సేన వెనుక వర్తకులు, వర్తకుల వెనుక కమ్మరులు, కంచరులు, బండ్లవారు వచ్చిరి. 1874లో వాడి నుండి రైలుదారి వచ్చినది. అటుపిమ్మట లాలాగూడలో రైల్వే కార్ఖానా వెలసినది. కావున ఈ యూర నొక పాత కొట్టమును తెఱచితిమేని సేన వస్తువు, రైలు వస్తువు, అంగడి వస్తువు, పల్లె వస్తువు నొకే మూలను కలిసియుండుట వింత గాదు.

మారేడుపల్లి వైపున నున్న యట్టి బంగళాకు నన్ను పిలిచిరి. పెరటిలోని కట్టడము మొదట గుఱ్ఱపుసాల, తరువాత మోటారుకొట్టు, కడపట ఎవరికిని అక్కఱలేని సామానునకు నెలవు. ఇంటి యజమానుడు నాకు మిత్రుడు. పాత ఇనుము కొను వర్తకుడు మఱునాటి యుదయమున త్రాసుతో వచ్చుననియు, ఈలోగా నొకమారు చూచిపొమ్మనియు ఆయన కబురంపెను.

లోపల నడుగుపెట్టి నేను మొదట చేసిన పని చేతులు వెనుకకు కట్టుకొనుటయే. సేనలు విడిసిన యూర పాత కొట్టము తెఱచునప్పుడు కన్నులకు ముందు పని, చేతులకు తరువాత పని. వెనుకగోడ మూలను చినిగిన గోనెసంచుల నడుమ, మూరకు తక్కువ పొడవు గల యినుప వస్తువొకటి నిలువుగా నుండెను. పై కొన మొనదేలియుండెను. అడుగునకు కొంచెము పైగా చుట్టును రాగిపట్టీ యొకటి యుండెను. ఇంటి కుఱ్ఱవాడు, “తలుపు గాలికి కొట్టుకొనకుండ దీనిని అడ్డము పెట్టెడివారమండి” అని చెప్పెను.

ఆ రాగిపట్టీయే దాని యానవాలు. కొత్తరకపు ఫిరంగి గొట్టము లోపల మెలిక తిరిగిన గాళ్ళు చెక్కబడియుండును. మెత్తని రాగి ఆ గాళ్ళలో నొదిగి, గుండు వెలువడునప్పుడు దానిని గిరగిర త్రిప్పును. అట్లు తిరిగెడు గుండు గాలిలో బోర్ల పడక సూటిగా పోవును. రోకలిపొన్నునకు గాని, బండి ఇరుసునకు గాని ఆ పట్టీతో పనిలేదు. లోపల మందు కలదో లేదో పైకి చూచి చెప్పగలవారు లేరు. ఏండ్లు గడచినకొలది మందు చచ్చిపోవునని కొందఱు ధైర్యము చెప్పుదురు. అది నమ్మదగిన ధైర్యము కాదు. అమెరికాదేశపు వర్జీనియా రాష్ట్రమున 2008వ సంవత్సరమునందు, పాత గుండ్లను శుభ్రపఱచుట వాడుకగా గల యొకాయన తన యింటివద్దనే గుండు ప్రేలి మరణించెను. ఆ గుండు 1861 మొదలు 1865 వఱకు అచట జరిగిన అంతర్యుద్ధము నాటిది. మేము తలుపు దగ్గఱకు వేసి, 112 సంఖ్యకు ఫోను చేసితిమి. పోలీసువారు వచ్చి, ఇంటిల్లిపాదిని దూరముగా నుంచి, ఆ విద్య నేర్చినవారిని పిలిపించి దానిని కొనిపోయిరి. ఆ సందడిలో ఇనుప వర్తకుని రాక రెండు దినములు వెనుకబడెను. తక్కిన వస్తువులను తీరికగా చూచుటకు మాకు దొరికిన వ్యవధి అది.

పాత లోహమును చూచినతోడనే తోమవలెనను కోరిక ఇల్లాండ్రకు సహజము. చింతపండును ఇటుకపొడియు చేతికి వచ్చును. ఈ కోరికను కొన్నాళ్ళు ఆపుకొనవలెను. వస్తువుపై ముద్రలు, అక్షరములు, మరకలు, ఒరిపిడి గుర్తులు, ఇవియే దాని సాక్ష్యము. మన్నును మెత్తని కుంచెతో దులిపిన చాలును. అటుపిమ్మట నిది యే లోహమని చూడవలెను. సూదంటురాయి అంటినచో ఇనుమో ఉక్కో యగును. అంటక పసుపుపచ్చగా నున్నచో ఇత్తడి, వ్రేలితో మీటగా చాలసేపు మ్రోగినచో కంచు అని తలపవచ్చును. పోత ఇనుము విఱిగినచోట గరుకు పలుకులుగా కనబడును. కమ్మరి సాగగొట్టిన పాత ఇనుము తుప్పు పట్టినచోట చెఱకు పిప్పివలె పోగులు పోగులుగా లేచును. దీనిని బట్టి ఇది కార్ఖానాలో పోసినదో, కొలిమివద్ద కొట్టినదో సుమారుగా తెలియును.

మొదట చేతికి వచ్చినది చిన్న ఇత్తడి గిలక. బావిగిలకకు అది మిక్కిలి చిన్నది. గాడి లోపల ఒక వైపుననే త్రాడు ఒరసి అద్దమువలె నున్నగా నుండెను. బరువును నిలువున చేదిన గిలకకు ఒరిపిడి అట్లు పడదు. అడ్డముగా లాగిన త్రాటికే పడును. బంగళా గోడకు చూచితిమి గదా, చూరు క్రింద నొక చిన్న రంధ్రము సున్నముతో పూడ్చబడియుండెను. ఇక సందేహము లేదు. లోపలి పంకా త్రాటిని వెలుపలి వసారాలోనికి తెచ్చు గిలక అది. ఒకవైపున దొర నిద్రించుచుండ, రెండవవైపున నొక బీదవాడు రాత్రియంతయు ఆ త్రాటిని లాగుచుండెడివాడు. ఇత్తడిని అంతగా అఱగదీసిన చేతుల పేరు ఏ లెక్కపుస్తకములోను దొరకదు.

నెలవంకవలె వంగి, మేకురంధ్రములు గల పలుచని యినుపబిళ్ళలు కొన్ని దొరకినవి. కుఱ్ఱవాడు వానిని కవచము ముక్కలని యనుకొనెను. మీలో నవ్వనివారు ఉండరు! ఎద్దుగిట్ట రెండుగా చీలియుండును గనుక కాలికి రెండేసి చొప్పున ఎనిమిది బిళ్ళలు కొట్టవలసిన లాడములవి. దుక్కిలో నడచు ఎద్దునకు వీని యక్కఱ లేదు. కంకరబాటపై బండి లాగు ఎద్దునకే కావలెను. ఆ బిళ్ళలవలన ఆ కొట్టమున గుఱ్ఱములే గాక ఎద్దులును కట్టబడినవని తెలిసినది.

ఇక అందఱిని నిలువరించిన వస్తువు వేఱొకటి గలదు. ఒక ఇనుప కడియము, దానినుండి వ్రేలాడు గొలుసుముక్కలు, వాని కొసలయందు అన్ని దిక్కులకు వంగిన కొక్కెములు పదునాఱు. తుప్పుతో నన్నియు పెనవేసికొని ముండ్లపందివలె నుండెను. యజమానుని బంధువు, చదువుకొన్నవాడు, దానిని నేరస్థులను హింసించు సాధనమని నిర్ణయించి, ఛాయాచిత్రము తీసి మిత్రులకు పంపెను. మాటలో మాటగా నది ‘నవాబుల నాటి శిక్ష’ యని కూడ ప్రచారమాయెను. ఇంతలో పాలు తెచ్చు వృద్ధుడు, భువనగిరి ప్రాంతపు రైతు, గడపలో నిలిచి చూచి, “గిది ఎరుక లేదా అయ్యా? బావిల బొక్కెన పడితె తీసే పాతాళగరిగె” అనెను. అందఱమును ఒకరి మొగమొకరు చూచుకొంటిమి.

పాతాళగరిగె యని కొందఱు, పాతాళభేరి యని కొందఱు, గాలమని మఱికొందఱు అనెదరు. త్రాడు తెగి బొక్కెనయో బిందెయో నీట మునిగినప్పుడు దీనిని త్రాటికి కట్టి దింపి, అడుగున మెల్లగా త్రిప్పుచు పోగా నేదో యొక కొక్కెము చెవికి తగులును. తగిలిన సంగతి చేతికి తెలియుటలోనే నేర్పున్నది. ఊరికి ఒకటియో రెండో ఉండెడివి. అడిగి తెచ్చుకొని, పని తీఱినపిమ్మట మరల నిచ్చివేసెడివారు. మూసీనదిపై 1920లో ఉస్మానుసాగరము, తరువాత 1927లో ఈసీనదిపై హిమాయతుసాగరము ఏర్పడి జంటనగరములలో కుళాయినీరు విస్తరించినకొలది పెరటిబావులు పూడిపోయినవి. బావి పోగా బొక్కెన పోయెను, బొక్కెన పోగా గరిగె కొట్టము చేరెను. నూఱేండ్లైనను నిండకమునుపే మంచి సాధనమునకు శిక్షాయుధమను నింద వచ్చిపడెను. ఆ వృద్ధుడు ఆ పూట పాలు పోసి పోయియుండినచో, ఆ నింద అచ్చులో కెక్కి స్థిరపడియుండెడిది. కొందఱు విద్వాంసులు తమకు తెలియని ప్రతి వస్తువును పూజకో హింసకో అంటగట్టుట నే నెఱుగుదును.

తూకపురాళ్ళ విషయము కొంత లెక్కతో కూడినది. ఇనుపవి రెండు, ఇత్తడిది ఒకటి దొరకినవి. ఇనుపవాని అడుగున చిన్న గుంట, గుంటలో సీసము, సీసముపై ముద్ర కలవు. తూకము సరిపెట్టుటకు సీసమును చేర్చుటయో తీయుటయో చేసి, పైన ముద్ర వేసెడివారు. కొందఱు ఆశకొలది ఆ సీసమును గోకి తీసెదరు, అంతటితో సాక్ష్యము పోవును. ముద్రలోని యక్షరములు మాసియుండెను గాని, తూకము మాయదు. ఇంటి త్రాసుపై పెట్టి చూడగా పెద్దది 933 గ్రాములు తూగినది. పాత తులము 11.66 గ్రాములు. భాగించి చూడుడు, ఎనుబది తులములు వచ్చును. అది సేరు. రెండవది సరిగా 350 గ్రాములు, అనగా ముప్పది తులములు. సేరులో నిది అర గాదు, పావు గాదు. మూడు తులములు ఒక పలము, నలువది పలములు ఒక వీశె యను లెక్క మీకు కరతలామలకము. ముప్పది తులములనగా పది పలములు, అదియే పదలము! సేరు లెక్క ఈ ప్రాంతపుది, వీశె లెక్క నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో చెల్లినది. కృష్ణాతీరమునుండియో గోదావరీతీరమునుండియో ఎవరో యొక వర్తకుడు తన రాయిని వెంట తెచ్చుకొన్నాడన్నమాట.

ఇత్తడి రాయిని మేము రాకమునుపే ఎవరో తళతళలాడునట్లు తోమిరి. ముద్ర పూర్తిగా అఱిగిపోయినది. తూకమును ఏ లెక్కకును అందలేదు. 1956వ సంవత్సరపు శాసనముచే మెట్రిక్ కొలతలు వచ్చి, 1958 నుండి క్రమముగా కిలోరాళ్ళు అంగళ్ళలో ప్రవేశించి, 1962 నాటికి పాత రాళ్ళకు వ్యాపారమున చెల్లుబాటు పోయినది. ఆనాడు చెల్లనివైనవి నేడు తూకముగా గాక, ఎవరు ఎచటనుండి ఎచటికి వచ్చిరో చెప్పు సాక్షులుగా చెల్లుచున్నవి.

అటుపై గోళము. పిడికిలిలో పట్టునంతటి ఉక్కుగోళము, కిటికీ క్రింది గూటిలో నుండెను. మొదట చూచిన గుండు జ్ఞాపకముచే ఎవరమును ముట్టలేదు. సేన విడిసిన చోట గోళమనగానే ఫిరంగిగుండని తోచుట సహజము. పాత గుండ్లలో గట్టివి గలవు, లోపల బోలుగా మందుకూరినవియు గలవు. మందుగుండునకు వత్తి పెట్టు రంధ్రమొకటి యుండును. ఆ రంధ్రము అడుగువైపున నుండిన మనకు కనబడదు. కావున గోళమును దొర్లించి చూచుట తగదు. అయితే దీనిపై దూరమునుండియే ఇంగ్లీషు అక్షరములు కనబడుచుండెను, చేతిదీపపు వెలుగున చూడగా రెండు చిన్న స్టేషనుల సంకేతములు, నడుమ నొక సంఖ్య. శత్రువుపై వేయు గుండునకు స్టేషను పేర్లతో నేమి పని? రైల్వేలో పనిచేసి విశ్రాంతి గైకొన్న పొరుగువారిని పిలువగా ఆయన చూచి ఒక్కమాటలో తేల్చెను: “ఇది టోకెను.”

ఒంటిదారి రైలుమార్గమున ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండ చేయుటకు ‘నీల్’ అనువాని పేర నొక యంత్రము గలదు. ఇరుప్రక్కల స్టేషనులలో నొక్కొక్క యంత్రము, నడుమ తీగ. ఆ స్టేషనుమాస్టరు సమ్మతించిననే ఈ స్టేషనుమాస్టరునకు గోళమొకటి వెలికి వచ్చును. అది వెలుపల నున్నంతసేపు రెండు యంత్రములలో దేనినుండియు రెండవ గోళము రాదు. తోలుసంచిలో గోళము, సంచికి పెద్ద కడియము, ఆగక పోవు బండి డ్రైవరు చేయి చాచి దానిని తగిలించుకొని పోవును. అది చేతిలో లేక బండి కదలరాదు. ముందటి స్టేషనులో దానిని యంత్రమున వేసిన పిమ్మటనే మఱియొక బండికి దారి. ఒక బండెడు జనుల ప్రాణములు ఆ పిడికెడు ఉక్కుపై నాధారపడియుండెడివి. అందుచే నది పోయినచో యంత్రము స్తంభించును, కాగితపు అనుమతులతో బండ్లను మెల్లగా నడుపవలసి వచ్చును. నేడు టోకెను లేని కొత్త పద్ధతులు పలుచోట్ల వచ్చినవి. ఈ గోళము తన యంత్రమునుండి యే నాడు విడివడెనో గాని, ఇది రైల్వేవారి సొత్తు. యజమానుడు దానిని తూకమున వేయక రైల్వే కార్యాలయమునకు అప్పగించెను. పాత ఇనుము ధరకు దాని వెల ఒక పూట కాఫీకైనను చాలదు.

నేను వెదకి కానని వస్తువొకటి గలదు. దానిని మీ యూళ్ళలో మీరు కనుగొనవచ్చును గనుక చెప్పుచున్నాను. నిజామాబాదు, నిర్మల ప్రాంతముల వారు ముఖ్యముగా వినుడు. అచటి కోనసముద్రమున ఇనుమును మట్టిమూసలలో పెట్టి, మూతి బిగించి, కొలిమిలో కఱగించి ఉక్కుముద్దలు చేసెడివారు. హెన్రీ వాయిసీ అను వైద్యుడు, భూగర్భశాస్త్రవేత్త, 1824లో మరణించినవాడు, ఆ పనిని కన్నులార చూచి వ్రాసెను. ఆ వ్రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి పత్రికలో అచ్చుపడినది. పారసీక వర్తకులు ఆ ముద్దలను కొనిపోయెడివారు. నూటికి ఒకటి రెండు పాళ్ళు బొగ్గుసత్తువ గల ఆ ఉక్కుతోనే ఆ దేశములలో నీటిచారలు దేలు కత్తులు చేసిరి. మనదేశపు ఉక్కును ఇంగ్లండులో 1795లో పియర్సను అను పండితుడును, 1819 నుండి మైకేలు ఫారడేయు పరీక్షించిరి. వారు దీనిని ‘ఊట్జ్’ అనిరి. మన తెలుగు కన్నడములలోని ‘ఉక్కు’ అను మాటయే అట్లు మాఱినదని పలువురి యభిప్రాయము. ఆ ముద్ద అడుగు గిన్నెవలె గుండ్రముగాను, పైభాగము చదునుగాను ఉండును. దున్నుచుండగా చిట్టెపుగడ్డలతో కలసి యట్టిది దొరకినచో పాఱవేయకుడు. దొరకిన పొలము పేరు దానితోపాటు వ్రాసి యుంచుడు. పొలము పేరు లేని ముద్ద సగము ముద్దయే.

నల్లని పాత్రను సూదంటురాయి అంటనిచో నదికూడ తోమరానిది. బీదరుపని కావచ్చును. తుత్తునాగములో స్వల్పముగా రాగి కలిపి పోసి, వెండితీగ నదిమి, బీదరుకోట మన్నుతో నలుపెక్కించుదురు. నలుపే దాని యందము. తెల్లగా తోమిన వెండి నిలుచును గాని పని నశించును.

చట్టముల మాట క్లుప్తముగా చెప్పెదను. నేలలో దాగియుండి దొరకిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు శాసనము. నూఱేండ్లు దాటిన కళావస్తువులను, పురావస్తువులను ప్రజలు తమంతట దేశము దాటింపరాదని 1972వ సంవత్సరపు శాసనము. ఇంటి గరిగెను, సేరురాయిని ఇంట నుంచుకొనుటకు ఎవరి భయమును అక్కఱలేదు. అరుదని తోచిన దానిని హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాలవారికి చూపవచ్చును. ప్రతి వస్తువునకు ఒక చీటి కట్టుడు. అందులో మీ యూర దానికి గల పేరు, చేసిన పని, వాడినవారి వృత్తి వ్రాయుడు. పొరుగూర వేఱు పేరున్నచో అదియు వ్రాయుడు. చేతిఫోనుతో ఛాయాచిత్రము తీయునప్పుడు ప్రక్కన నొక రూపాయి నుంచినచో పరిమాణము తెలియును. మీ యింటి ముసలమ్మలను అడుగుట మఱువకుడు. వంటింటి, పురుటింటి సాధనములు మగవారికి తెలియవు.

ఆ కొట్టములోని వస్తువులలో నొకటి మాత్రము నేటికిని పేరు లేక నా బల్లపై నున్నది. జానెడు పొడవు గల యినుప కడ్డీ, కమ్మరి కొట్టినది. ఒక కొన గరిటెవలె చదునై, ఆ చదును అంచున లోపలికి వంగిన చిన్న కొక్కెము కలదు. రెండవ కొనయందు వ్రేలు దూరునంతటి కడియము. నడుమ రెండుచోట్ల ఇత్తడి చుట్టు. చదునుభాగమే మిక్కిలి అఱిగినది, కొక్కెము అఱుగలేదు. పశువైద్యమునకని ఒకరు, గానుగపనికని యొకరు, తోలుపనికని యొకరు చెప్పిరి. ముగ్గురును తాము కంటితో చూడలేదనిరి. మీలో నెవరైనను దానిని వాడగా చూచినవారుండినచో, పేరును పనిని ఒక కార్డుముక్కపై వ్రాసి రేడియో నిలయమునకు పంపుడు. చీటి ఖాళీగా కట్టియుంచితిని.